ఇంజన్‌కు ఊపిరాడకపోతే.. జేబుకు చిల్లే!

* చిన్న వాల్వు పూడుకుంటే పెద్ద రోగం లక్షణాలు
* 'బోరు' పనికి ఒప్పుకొనే ముందు పది నిమిషాల పరీక్ష

కారు నిలిపిన చోట నేలపై నల్లటి నూనె చుక్కలు. గేజి పుల్ల తీసి చూస్తే ఆయిల్‌ మట్టం తగ్గి ఉంటుంది. సిగ్నల్‌ వద్ద ఆగినప్పుడు ఇంజన్‌ నిలకడ తప్పి వణుకుతుంది. షెడ్డుకు తీసుకువెళితే 'ఇంజన్‌ బోరుకు వచ్చింది, దించక తప్పదు' అన్న మాట వినిపిస్తుంది. కిరాయి బండిని నమ్ముకొని కుటుంబాన్ని నెట్టుకొస్తున్న యజమానికి ఆ మాట పిడుగుపాటే. మరమ్మతు ఖర్చు వేలల్లో, ఒక్కోసారి పదుల వేలల్లో ఉంటుంది. బండి షెడ్డులో ఉన్నన్ని రోజులు కిరాయి ఉండదు, బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు.

నిజంగానే రింగులు, సిలిండర్లు అరిగిపోయి ఉంటే ఆ ఖర్చు తప్పనిసరి. అయితే ఇవే లక్షణాలు మరో కారణంగా కూడా కనిపిస్తాయన్న సంగతి చాలామంది వాహనదారులకు తెలియదు. బొటనవేలంత ఉండే ఒక వాల్వు, దానికి తగిలించిన రెండు రబ్బరు గొట్టాలు పూడుకుపోయినా నూనె కారుతుంది, ఆయిల్‌ తగ్గుతుంది, ఇంజన్‌ వణుకుతుంది. ఆ వాల్వు ధర చాలా పెట్రోలు కార్లకు కొన్ని వందల రూపాయలే. రెండు రోగాలూ పైకి ఒకేలా కనిపిస్తాయి కనుకనే ఏది ఏదో తేల్చుకోకుండా ఇంజన్‌ విప్పడం నష్టదాయకం. ఇంజన్‌ లోపలి ఆవిర్లు బయటపడే ఈ ఏర్పాటునే 'క్రాంక్‌కేస్‌ వెంటిలేషన్‌' అంటారు. అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే షెడ్డులో ఏమి అడగాలో కూడా తెలుస్తుంది.

ఏమిటీ క్రాంక్‌కేసు?

ఇంజన్‌ పై భాగంలో సిలిండర్లు ఉంటాయి. వాటిలో పిస్టన్లు పైకీ కిందకూ కదులుతాయి. ఆ కదలికను కనెక్టింగ్‌ రాడ్లు అందుకొని దిగువనున్న క్రాంక్‌షాఫ్టును తిప్పుతాయి. క్రాంక్‌షాఫ్టు తిరిగే ఈ గదే క్రాంక్‌కేసు. దాని అడుగున ఇంజన్‌ ఆయిల్‌ నిల్వ ఉండే తొట్టిని మెకానిక్‌లు 'ఆయిల్‌ ఛాంబర్‌' అని వ్యవహరిస్తారు. ఇంజన్‌ పైన ఉండే టాపెట్‌ కవరు లోపలి ఖాళీకి, ఈ గదికి మధ్య నూనె దిగే దారులు ఉంటాయి. కనుక గాలి విషయంలో ఈ రెండూ ఒకే గదిగా భావించవచ్చు.

బయటి నుంచి చూస్తే ఈ గదికి అన్ని వైపులా మూతలే. క్రాంక్‌షాఫ్టు రెండు చివరలా ఆయిల్‌ సీళ్లు, టాపెట్‌ కవరు కింద రబ్బరు ప్యాకింగు, ఆయిల్‌ ఛాంబరు అంచున మరో ప్యాకింగు ఉంటాయి. ఇవన్నీ నూనె చిమ్మకుండా ఆపడానికి ఏర్పాటు చేసినవే కానీ లోపలి నుంచి తన్నుకొచ్చే ఒత్తిడిని ఎల్లకాలం ఆపడానికి కాదు. అసలు చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుంది?

సిలిండర్‌లో పెట్రోలు, గాలి మిశ్రమం మండినప్పుడు వాతావరణ పీడనానికి పదుల రెట్లు ఒత్తిడి పుడుతుంది. పిస్టన్‌ చుట్టూ ఉండే రింగులు ఆ ఒత్తిడిని పైనే ఆపవలసి ఉంటుంది. కానీ రింగు గుండ్రంగా అతుకు లేకుండా ఉండదు. వేడికి సాగడానికి వీలుగా దాని కొనల మధ్య సన్నని సందు విడిచిపెడతారు. కొత్త ఇంజన్‌లో సైతం ఆ సందు గుండా కొద్దిపాటి వాయువు కిందకు జారుకుంటుంది. దీనినే 'బ్లో-బై' అంటారు.

ఒక్కసారికి జారేది స్వల్పమే. అయితే నాలుగు సిలిండర్ల ఇంజన్‌ నిమిషానికి 2,500 చుట్లు తిరుగుతుంటే ఆ ఒక్క నిమిషంలోనే 5,000 సార్లు ఇంధనం మండుతుంది. అన్నిసార్లూ కొంచెం కొంచెం జారితే కాసేపటికే క్రాంక్‌కేసు నిండిపోతుంది. రింగులు అరిగేకొద్దీ ఈ జారుడు మరింత పెరుగుతుంది.

జారి వచ్చే వాయువులో అధిక భాగం పూర్తిగా మండని పెట్రోలు, గాలి మిశ్రమమే. మిగిలింది మండిన పొగ, నీటి ఆవిరి. ఒక లీటరు పెట్రోలు మండితే ఆవిరి రూపంలో దాదాపు లీటరు నీరు పుడుతుందంటే సామాన్యులకు ఆశ్చర్యం కలగవచ్చు. అందులో ఎక్కువ భాగం సైలెన్సర్‌ గుండా పోతుంది. కొంత భాగం మాత్రం బ్లో-బైతో కలిసి నూనె గదిలోకి దిగుతుంది. అక్కడ ఆవిరి చల్లబడితే నీరవుతుంది. పెట్రోలు ఆవిరి నూనెలో కలిసి దాన్ని పలుచన చేస్తుంది. పొగలోని మసి, ఆమ్లాలు తోడైతే నూనె చిక్కబడి నల్లటి మడ్డిగా మారుతుంది. కనుక ఈ ఆవిర్లను ఎప్పటికప్పుడు బయటకు లాగివేయక తప్పదు.

ఒకప్పుడు రోడ్డు మీదకే..

పూర్వకాలపు కార్లలో ఇందుకు ఒక ఇనుప గొట్టమే ఆధారం. క్రాంక్‌కేసు నుంచి బయలుదేరి బండి అడుగున రోడ్డు వైపు తెరుచుకొని ఉండేది. బండి వేగంగా పోతున్నప్పుడు గొట్టం చివర తాకే గాలి లోపలి ఆవిర్లను లాగేసేది. బండి ఆగితే ఆ లాగుడు కూడా ఆగిపోయేది. ఊళ్లో నెమ్మదిగా తిరిగే బండ్లలో మడ్డి త్వరగా పేరుకునేది. పైగా నూనె ఆవిర్లు, మండని పెట్రోలు నేరుగా గాలిలో కలిసేవి.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో లోతు నీటిని దాటవలసిన యుద్ధ ట్యాంకులకు ఈ తెరిచిన గొట్టం ప్రమాదకరమయింది. గొట్టం గుండా నీరు ఇంజన్‌లోకి చొరబడే వీలుంది. అందుకే గొట్టాన్ని బయటకు వదలకుండా ఆవిర్లను ఇంజన్‌ పీల్చే గాలిలోకే మళ్లించే పద్ధతిని వాటిలో వాడారు.

సాధారణ కార్లలోకి ఈ పద్ధతి రావడానికి కారణం అమెరికాలోని లాస్‌ ఏంజెలెస్‌ నగరాన్ని కమ్మిన పొగమంచు. వాహనాలు, కర్మాగారాల నుంచి వెలువడే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్‌ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఆ పొగమంచును పుట్టిస్తున్నాయని శాస్త్రవేత్త ఆరీ హాగెన్‌-స్మిట్‌ 1950ల ఆరంభంలో నిరూపించారు. సైలెన్సర్‌ పొగే దోషి అనుకున్న ఇంజనీర్లకు తర్వాత మరో నిజం తెలిసింది. అప్పటి కారు వెలువరించే హైడ్రోకార్బన్లలో అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఈ క్రాంక్‌కేసు గొట్టం నుంచే వస్తున్నాయి. దాంతో కాలిఫోర్నియా రాష్ట్రం 1961లో ఆవిర్లను తిరిగి ఇంజన్‌లోకే పంపే ఏర్పాటును తప్పనిసరి చేసింది. అమెరికాలో కార్ల కాలుష్యాన్ని అరికట్టేందుకు చట్టబద్ధంగా పెట్టించిన తొలి పరికరం ఇదే. దాని పేరు పాజిటివ్‌ క్రాంక్‌కేస్‌ వెంటిలేషన్‌, పొట్టిగా పీసీవీ.

మన దేశంలో సైతం భారత్‌ స్టేజ్‌ ప్రమాణాల కింద ఆమోదం పొందే పెట్రోలు కారు క్రాంక్‌కేసు నుంచి ఏ వాయువూ బయటి గాలిలోకి విడుదల కాకూడదు. కొత్త మోడల్‌కు అనుమతి ఇచ్చే ముందు దీనికోసం ప్రత్యేక పరీక్ష ఉంటుంది.

స్ప్రింగు చేసే కాపలా

ప్రస్తుత పెట్రోలు కార్లలో అధిక భాగానికి రెండు దారులు ఉంటాయి. ఒక గొట్టం ఎయిర్‌ ఫిల్టర్‌ వైపు నుంచి శుభ్రమైన గాలిని టాపెట్‌ కవరులోకి తెస్తుంది. ఆ గాలి క్రాంక్‌కేసులోని ఆవిర్లను కలుపుకొని రెండో దారిన, అంటే పీసీవీ వాల్వు గుండా, ఇంజన్‌ గాలి పీల్చే మానిఫోల్డులోకి వెళుతుంది. అక్కడి నుంచి సిలిండర్లలోకి చేరి మండిపోతుంది. వ్యర్థంగా పోవలసిన పెట్రోలు ఆవిరి కొంతైనా అక్కరకు వస్తుంది. గాలితో పాటు నూనె తుంపరలు కొట్టుకుపోకుండా టాపెట్‌ కవరులో అడ్డు పలకలు అమర్చుతారు.

లాగే శక్తి మానిఫోల్డుదే. స్ట్రా కొనను వేలితో సగం మూసి పీల్చితే లోపల ఎలా బిగుసుకుంటుందో, యాక్సిలరేటర్‌ వదిలినప్పుడు త్రాటిల్‌ మూత దాదాపు మూసుకొని మానిఫోల్డులో అలాంటి బలమైన లాగుడు ఏర్పడుతుంది. యాక్సిలరేటర్‌ తొక్కేకొద్దీ త్రాటిల్‌ తెరచుకొని లాగుడు తగ్గుతుంది.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. ఇంజన్‌ నెమ్మదిగా తిరిగేటప్పుడు బ్లో-బై తక్కువ, కానీ లాగుడు ఎక్కువ. బండి బరువుతో ఘాట్‌ ఎక్కేటప్పుడు బ్లో-బై ఎక్కువ, కానీ లాగుడు తక్కువ. అవసరానికి, లాగుడుకు పొంతన లేదు. ఆ పొంతన కుదర్చడమే వాల్వు పని. దాని లోపల ఒక చిన్న ఇనుప ముక్క, ఒక స్ప్రింగు ఉంటాయి.

ఐడ్లింగ్‌లో బలమైన లాగుడుకు ఇనుప ముక్క ముందుకు జరిగి దారిని ఇరుకు చేస్తుంది. కొద్ది గాలే వెళుతుంది, ఇంజన్‌ నిలకడ చెడదు. రోడ్డుపై మామూలు వేగంలో లాగుడు తగ్గగానే స్ప్రింగు ముక్కను వెనక్కు నెట్టి దారిని వెడల్పు చేస్తుంది. పూర్తిగా తొక్కినప్పుడు వాల్వు బాగా తెరచుకొని ఉన్నా లాగే బలం చాలదు. అప్పుడు మిగులు ఆవిర్లు శుభ్రమైన గాలి గొట్టం గుండా ఎదురు నడిచి ఎయిర్‌ ఫిల్టర్‌ వైపు చేరి, అక్కడి నుంచి ఇంజన్‌లోకే వెళతాయి. ఒకవేళ మానిఫోల్డులో మంట ఎదురు తన్నితే ఆ ఒత్తిడికి వాల్వు వెంటనే మూసుకుంటుంది. పెట్రోలు ఆవిరితో నిండిన క్రాంక్‌కేసులోకి నిప్పు చొరబడకుండా ఆపే కాపలా కూడా ఇదే.

పూడుకుపోతే కుక్కర్‌ తీరే

ప్రెషర్‌ కుక్కర్‌ మూతపై విజిల్‌ రంధ్రంలో మెతుకు అడ్డుపడితే ఆవిరి రబ్బరు పక్కనుంచి బుస్సుమంటుంది. అప్పుడు కొత్త రబ్బరు వేసినా ప్రయోజనం ఉండదు. రంధ్రం శుభ్రం చేయవలసిందే. పీసీవీ వాల్వు మడ్డితో మూసుకుపోయిన ఇంజన్‌ది సరిగ్గా అదే పరిస్థితి. పోయే దారి లేని ఒత్తిడి సీళ్లను, ప్యాకింగులను నెడుతుంది. టాపెట్‌ కవరు అంచున నూనె చెమ్మ కనిపిస్తుంది. క్రాంక్‌షాఫ్టు వెనుక సీలు నుంచి కారడం మొదలైతే గేర్‌బాక్సు దించితే గాని దాన్ని మార్చలేరు. గేజి పుల్ల దానంతట అదే పైకి లేచి ఉండటం కూడా ఈ ఒత్తిడికి ఒక గుర్తు. ఎదురు నడిచిన ఆవిర్లతో ఎయిర్‌ ఫిల్టర్‌ పెట్టెలో నూనె తడి చేరుతుంది.

సీలు మార్చిన కొద్ది వారాలకే మళ్లీ అదే చోట నూనె కారితే చాలామంది సీలు నాణ్యతను, అమర్చిన మెకానిక్‌ను తప్పుపడతారు. అసలు ఒత్తిడి సంగతి ఎవరూ చూడరు. మరోసారి సీలు, మరోసారి కూలి. ఆఖరుకు 'ఇంజన్‌లోనే లోపం ఉంది' అన్న తీర్పు. మూసుకుపోయిన వాల్వు చేసే అసలు నష్టం ఈ వరుస ఖర్చే.

మరో నష్టం కంటికి కనిపించదు. ఆవిర్లు లోపలే తిరిగి నూనెను పాడుచేస్తాయి. మడ్డి పేరుకొని నూనె దారులను ఇరుకు చేస్తుంది. క్యాంషాఫ్టుకు, బేరింగులకు నూనె అందక అరుగుదల పెరుగుతుంది. వాల్వును నిర్లక్ష్యం చేస్తే నిజంగానే ఇంజన్‌ దించే రోజు ముందుకు వస్తుంది.

తెరచుకొని ఉండిపోతే..

వాల్వు లోపలి ముక్క తెరచిన స్థితిలోనే ఇరుక్కుంటే కథ మరోలా ఉంటుంది. ఐడ్లింగ్‌లో సైతం గాలి ఎక్కువగా మానిఫోల్డులోకి దూరుతుంది. ఇంజన్‌ వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, కొన్నిసార్లు ఆగిపోతుంది. గాలితో పాటు నూనె తుంపరలు సిలిండర్లలోకి చేరి కాలిపోతాయి. సైలెన్సర్‌ నుంచి నీలి పొగ వస్తుంది. బయట ఎక్కడా చుక్క కారకుండానే ఆయిల్‌ తగ్గుతుంది. 'బండి ఆయిల్‌ తాగుతోంది' అన్న ఫిర్యాదుకు రింగులతో పాటు ఇదీ ఒక కారణమే.

వేడికి రబ్బరు గొట్టం పగిలినా దాదాపు ఇవే ఇబ్బందులు తలెత్తుతాయి. పగులు నుంచి ఈల వంటి చప్పుడు వినిపించవచ్చు. లెక్కలోకి రాని గాలి చేరడంతో డ్యాష్‌బోర్డుపై ఇంజన్‌ దీపం వెలగవచ్చు. ఏళ్ల తరబడి ఇంజన్‌ వేడికి, మన ప్రాంతపు ఎండకు మాడిన గొట్టాలు చేతితో నొక్కితే పెళుసుగా విరుగుతాయి.

మూత కింద మీగడ

ఆయిల్‌ పోసే మూత తీసినప్పుడు లోపలి వైపు మీగడ వంటి లేత పసుపు పదార్థం కనిపిస్తే వాహనదారులు హడలిపోతారు. అది నూనెలో నీరు కలిసిన గుర్తు. అయితే నీరు ఎక్కడిదన్నదే ప్రశ్న. ఇంటి నుంచి బజారుకు, బజారు నుంచి ఇంటికి రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండిలో ఇంజన్‌ పూర్తిగా వేడెక్కదు. బ్లో-బైతో వచ్చిన నీటి ఆవిరి చల్లని మూతకు తగిలి పేరుకుంటుంది. చలికాలంలో ఇది మరింత ఎక్కువ. సీఎన్‌జీ మండినప్పుడు పెట్రోలు కంటే ఎక్కువ నీటి ఆవిరి పుడుతుంది కనుక ఆ బండ్లలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

మీగడ మూతకే పరిమితమై, గేజి పుల్లపై నూనె మామూలుగా ఉండి, రేడియేటర్‌ నీరు తగ్గకుండా ఉంటే భయపడవలసిన పని లేదు. వెంటిలేషన్‌ దారి సరిచూసి, వారానికి ఒకసారైనా అరగంట పాటు బండిని దూరం నడిపితే తేమ ఆరిపోతుంది. గేజి పుల్లపై నూనె కూడా పాలు కలిపినట్లు ఉండి, కూలెంట్‌ తగ్గుతుంటే మాత్రం హెడ్‌ గ్యాస్కెట్‌ పోయిందని అనుమానించాలి. బండిని నడపడం ఆపి వెంటనే చూపించాలి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద వంటి సమయాల్లో నీట మునిగిన కార్ల సంగతి వేరు. వాటిని స్టార్టు చేయకుండానే షెడ్డుకు చేర్చి నూనె మార్పించాలి.

విప్పేముందు ఇలా తేల్చుకోవచ్చు

ఆటోనగర్లలో చేయి తిరిగిన మెకానిక్‌ అయినా, పల్లె కూడలిలో చిన్న షెడ్డు నడిపేవారయినా ఈ పరీక్షలు చేయగలరు. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు.

మొదట బండి హ్యాండ్‌ బ్రేకు వేసి, గేరు తప్పించి, ఇంజన్‌ను ఐడ్లింగ్‌లో ఉంచాలి. వాల్వు విడిగా ఊడదీయగలిగే బండిలో దాన్ని టాపెట్‌ కవరు నుంచి బయటకు లాగి, మానిఫోల్డు గొట్టం మాత్రం తగిలించే ఉంచాలి. వాల్వు కొనపై వేలు పెడితే గట్టిగా లాగుతున్నట్లు తెలియాలి. లాగుడు లేదంటే వాల్వో, గొట్టమో, మానిఫోల్డు వద్ద రంధ్రమో పూడుకుందని అర్థం. ఇంజన్‌ ఆపి వాల్వును చెవి దగ్గర ఊపితే లోపలి ముక్క టకటకమని కదలాలి. చప్పుడు రాకపోతే ఇరుక్కుపోయినట్లే. చప్పుడు వచ్చినంత మాత్రాన వాల్వు బాగున్నట్లు కాదు. స్ప్రింగు బలహీనపడి ఉండవచ్చు.

రెండో పరీక్ష కాగితంతో. ఆయిల్‌ మూత తీసి ఆ రంధ్రంపై పలుచని కాగితం పరిచితే, వెంటిలేషన్‌ సక్రమంగా ఉన్న ఇంజన్‌లో అది మెల్లగా లోపలికి హత్తుకుంటుంది. ఎగిరిపోతుంటే లోపల ఒత్తిడి పేరుకున్నట్లే. కొన్ని ఇంజన్లలో మూత తీయగానే వేడి నూనె చిమ్ముతుంది. ఇంజన్‌ ఆపి మూత తీసి, కాగితం పరిచిన తర్వాతే తిరిగి స్టార్టు చేయడం క్షేమకరం. తిరిగే బెల్టు, ఫ్యాను సమీపంలో చొక్కా చేతులు, చున్నీ, కండువా వేలాడకుండా చూసుకోవాలి.

కొత్త తరహా కార్లలో కొన్నింటికి వాల్వు టాపెట్‌ కవరులోనే కలిసి ఉంటుంది. దాన్ని విడిగా తీయలేరు. వాటిలో కాగితం పరీక్ష, గొట్టాల తనిఖీయే దారి. కవరు మొత్తం మార్చవలసి వస్తే ఖర్చు పెరుగుతుంది. అయినా ఇంజన్‌ దించడంతో పోలిస్తే అది తక్కువే.

అరిగిన రింగులకు వాల్వు మందు కాదు

కొత్త వాల్వు వేసి, గొట్టాలు శుభ్రం చేసిన తర్వాత కూడా కాగితం ఎగిరిపోతుంటే బ్లో-బై శ్రుతి మించిందని గ్రహించాలి. వాల్వు మోయగలిగిన దానికంటే ఎక్కువ వాయువు కిందకు దిగుతోంది. అప్పుడు కంప్రెషన్‌ పరీక్ష చేయించాలి. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండరుకు గేజి బిగించి ఒత్తిడి చూస్తారు. తక్కువ చూపిన సిలిండరులో ఒక చెంచాడు ఇంజన్‌ ఆయిల్‌ పోసి మళ్లీ చూసినప్పుడు ఒత్తిడి బాగా పెరిగితే రింగులు, సిలిండర్‌ గోడ అరిగినట్లు. పెరగకపోతే లోపం వాల్వు సీట్లలోనో, హెడ్‌ గ్యాస్కెట్‌లోనో ఉందని భావించవచ్చు. ఈ అంకెలు కాగితంపై రాయించుకొని, వాటిని చూసిన తర్వాతే బోరు పనికి ఒప్పుకోవడం మేలు. ఆ దశలో పెట్టే ఖర్చుకు అర్థం ఉంటుంది.

డీజిల్‌ బండ్ల తీరు వేరు

డీజిల్‌ ఇంజన్‌లో పెట్రోలు బండిలా మానిఫోల్డులో బలమైన లాగుడు ఉండదు. డీజిల్‌ కార్లలో సాధారణంగా ఆవిర్లను నూనె వేరుచేసే పెట్టె గుండా పంపి టర్బోకు ముందున్న గాలి గొట్టంలో కలుపుతారు. పాత జీపులు, ట్రాక్టర్లలో బ్రీదర్‌ పైపు నేరుగా బయటకు తెరచి ఉంటుంది. పొలంలో దమ్ము చేసేటప్పుడు ఆ పైపు మూతికి బురద పట్టి ఎండితే ఒత్తిడి పెరిగి సీళ్లు కారతాయి. పైపు మూతిని తుడిచి చూసుకోవడం రైతులకు పైసా ఖర్చు లేని పని.

డీజిల్‌ బండిలో ఇంజన్‌ ఆయిల్‌ను గీత దాటి పోయడం ప్రమాదకరం. ఎక్కువైన నూనె బ్రీదర్‌ దారిన గాలి గొట్టంలోకి చేరితే ఇంజన్‌ ఆ నూనెనే ఇంధనంగా కాల్చుకుంటుంది. తాళం తీసినా ఆగకుండా, వేగం పెంచుకుంటూ పోతుంది. చేతి గేర్ల బండి అయితే బ్రేకు గట్టిగా తొక్కి ఉంచి, పెద్ద గేరులో వేసి క్లచ్‌ వదిలి ఇంజన్‌ను ఆపవలసి ఉంటుంది. అదుపు తప్పి తిరుగుతున్న ఇంజన్‌పైకి వంగి చూడటం ప్రాణాంతకం.

అడ్డదారులు వద్దు

నూనె తడి చూసి విసిగి కొందరు వెంటిలేషన్‌ గొట్టాన్ని ఊడదీసి బండి కిందకు వదిలేస్తుంటారు. మరికొందరు దానికి బిరడా కొడతారు. మొదటి పని అరవై ఏళ్ల కిందటే వదిలేసిన పాత పద్ధతికి మరలడమే. శుభ్రమైన గాలి లోపలికి రాదు, దుమ్ము నీరు చొరబడతాయి, చట్టప్రకారం బయటకు రాకూడని ఆవిర్లు వెనుక వచ్చేవారి ముక్కుపుటాలకు చేరతాయి. రెండో పని ఇంకా అనర్థం. కుక్కర్‌ విజిల్‌కు మేకు కొట్టినట్లే.

ఇతర మోడల్‌ వాల్వు పట్టింది కదా అని బిగించడం సైతం సరికాదు. చూడటానికి ఒకేలా ఉన్నా లోపలి స్ప్రింగు బలం, రంధ్రం కొలత ఒక్కో ఇంజన్‌కు ఒక్కోలా ఉంటాయి. పూడుకున్న వాల్వును పెట్రోలుతో కడిగి మళ్లీ వేయడం తాత్కాలిక ఉపశమనమే. లోపలి రబ్బరు పాడయ్యే వీలూ ఉంది.

గుర్తుంచుకోవలసినవి

* ఆయిల్‌ మార్చిన ప్రతిసారీ పీసీవీ వాల్వు, రెండు గొట్టాలు చూడమని మెకానిక్‌ను అడగాలి. అందుకు పట్టేది పది నిమిషాలే.

* ఆయిల్‌ను కంపెనీ పుస్తకంలో చెప్పిన గడువుకు మార్చాలి. తక్కువ దూరాలు తిరిగే బండికి కిలోమీటర్లు పూర్తికాకపోయినా ఏడాది గడువు పాటించాలి.

* సీలు ఒకసారి మార్చాక మళ్లీ అక్కడే కారితే, మూడో సీలు కొనేముందు క్రాంక్‌కేసు ఒత్తిడి చూడాలి.

* నీలి పొగ, నూనె తగ్గుదల కనిపిస్తే ముందు వాల్వు, తర్వాత కంప్రెషన్‌ పరీక్ష. ఆ తర్వాతే ఇంజన్‌ విప్పే మాట.

* ఇంజన్‌ ఆయిల్‌ గేజిపై రెండు గీతల మధ్యే ఉండాలి. ఎక్కువ పోస్తే మేలు కన్నా కీడే ఎక్కువ.

* పాత కారు కొనేటప్పుడు ఇంజన్‌ నడుస్తుండగా ఆయిల్‌ మూత వద్ద కాగితం పరీక్ష చేయించుకోవాలి. పైపై రంగు దాచగలిగిన అరుగుదలను ఆ కాగితం దాచదు.

ఇంజన్‌ మరమ్మతు ఖర్చు తప్పని చోట పెట్టక తప్పదు. తప్పించుకోగల చోట మాత్రం ఒక్క ప్రశ్న చాలు. 'వాల్వు చూశారా?' అని అడిగిన తర్వాతే ఇంజన్‌ మీద పానా వేయనివ్వాలి.